బ్లాగుకు కొత్త కోక

నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవడం వచ్చు. అంతకు మించి అక్షరం నాతో కాపురం చేయలేదు. అయినా నాకొక బ్లాగుంది. నవ్వకండి. నేను చెబుతాను, రాసేవాళ్లు రాస్తారు. ఇప్పుడీ మాటలు కూడా నేను కుర్చీలో కూర్చుని గట్టిగా చెబుతుంటే మా ఆడబిడ్డ కోడలు తెలుగు అక్షరాల్లో ఎక్కిస్తోంది. నా యాస ఉన్నదున్నట్టు పెడితే ఆంధ్రాలో చదివేవాళ్లకు పళ్లు విరుగుతాయట. అందుకని నా మాటలను కాస్త దువ్వి జడ వేయమన్నాను. మనుషులు మాట్లాడుకున్న చోట మాత్రం దువ్వెన పెట్టొద్దన్నాను.

కంప్యూటరు ముందు కూర్చుని ఉద్యోగాలు చేసే పిల్లలకు ఈ సంగతి పనికొస్తుందని చెబుతున్నాను. మిల్లు ఉద్యోగం అయిపోయాక నాకు దొరికిన రెండో ఉద్యోగం ఈ బ్లాగు. మొదటి ఉద్యోగంలో నన్ను ఎవరూ చంపలేదు. రెండో దాంట్లో ఒక పూట చచ్చాను.

ముందు నా గొంతు సంగతి. తమిళనాడులో కోయంబత్తూరు దగ్గర, సూలూరు పక్కన నూలు మిల్లులో, వైండింగ్ సెక్షనులో పనిచేశాను. కొత్త పెళ్లికూతురిగా చేరాను, జుట్టు నెరిశాక బయటికొచ్చాను. ఆ మెషీన్ల హోరులో మామూలుగా మాట్లాడితే మన మాట మన చెవికే చేరదు. అరిచి అరిచి గొంతు ఇలా గరగరలాడిపోయింది. ఇంట్లో "ఉప్పందుకో" అన్నా వీధిలో వాళ్లు తగాదా అనుకుంటారు. మా ఆయన ఉన్నన్నాళ్లూ, "నీకు ఫోను దేనికే? కిటికీ తెరిచి మాట్లాడు, సాలు" అనేవాడు.

నా ఎదురు మెషీను మీద ఒకామె ఉండేది. మాలాగే తెలుగు మాట్లాడే ఇంటి పిల్ల, నా ఈడుదే. మేమిద్దరం పెదాల కదలిక చూసి మాట్లాడుకునేవాళ్లం. మధ్యలో నూలు తెగితే చెయ్యి ముడి వేస్తూ ఉండేది, నోరు అత్తగారిని తిడుతూ ఉండేది. సూపర్‌వైజరు వెనకే నిలబడి ఉన్నా ఆయనకు ఒక్క ముక్క తెలిసేది కాదు. పాపం, ఆయన గురించే చెప్పుకుంటున్నప్పుడు కూడా.

ఆ హోరు ఆమె చెవులను తినేసింది. దూది మిల్లులో చెవిలో పెట్టుకోవడానికి దూదికి కరువా? దురదని పెట్టుకోలేదు. నేనూ పెట్టుకోలేదు. నాకు గొంతు పోయింది, ఆమెకు చెవులు పోయాయి, అంతే తేడా. ఇప్పుడామె మాకు రెండు బస్సుల దూరంలో, కారమడైలో కొడుకింట్లో ఉంది. ఫోనులో నేనెంత అరిచినా వినబడదు. వీడియోలో పెదాలు చూడమంటే బొమ్మ ఆగి ఆగి వస్తుంది, పెదాలొక దారి, మాటొక దారి. ఒకసారి నేను "మోకాళ్ల నొప్పి" అంటే ఆమె ఇంకేదో అనుకుని "అభినందనలు" చెప్పింది.

మరి మెసేజీ రాయించి పంపితే సరిపోదా అని మీరడుగుతారు. పంపాను. ఒకటి చదివి ఫోను పక్కన పడేసిందట. "నామీద పావమని రాయిస్తా ఉందా? నేనేమి ఉత్తరం కోసరం కాసుకొని ఉండే ముసలిదాన్నా?" అందని ఆమె కోడలు చెప్పింది. ఆమె పొగరు నాకు తెలుసు. ఎవరైనా పాపమంటే పక్కన పెట్టిన నీళ్లు కూడా ముట్టదు.

అందుకని దారి మార్చాను. మా ఆయన పోయాక మా ఆడబిడ్డ నాకు తోడుగా వచ్చింది. చిన్న పిల్లల బడిలో తమిళం చెప్పి రిటైరైన మనిషి. ఆమె కొడుకు మాకొక బ్లాగు తెరిచిపెట్టాడు. ప్రతి శుక్రవారం నేను మిల్లు కబుర్లు చెబుతాను, ఆడబిడ్డ టైపు చేస్తుంది. లోకమంతటికీ చెప్పినట్టు చెబుతాను. ఆ లోకంలో కారమడై కూడా ఉంది కదా. శనివారం పొద్దున ఆమె కళ్లద్దాలు తుడుచుకుని చదువుతోందని ఆమె కోడలి ద్వారా నాకు కబురందేది. ఆమె ఒక్క మాట జవాబు రాయలేదు. చదువుతోంది, అదే చాలనుకున్నాను.

ఇక్కడొకటి చెప్పాలి, లేకపోతే తరవాత కథ అర్థం కాదు. మా ఇళ్లలో తెలుగు నోట్లో ఉంటుంది, చేతిలో ఉండదు. ఎన్ని తరాల కిందట ఈ కోయంబత్తూరు వైపు వచ్చామో మాకే తెలియదు. బడి అంతా తమిళం. అందుకని మా ఆడబిడ్డ నా తెలుగు మాటలను తమిళ అక్షరాల్లోనే రాసేది. చదివేవాళ్లు తమిళ అక్షరాలు చదివి తెలుగు వినేవాళ్లు. మాకిందులో వింతేమీ లేదు. శుభలేఖలో గుడి పేరు దగ్గర్నుంచి సంతకు రాసుకునే చీటీ దాకా అంతే.

ఇంతలో ఆడబిడ్డ కొడుక్కి ఆంధ్రా నుంచి పెళ్లికూతురొచ్చింది. అది కోయంబత్తూరులో వెబ్‌సైట్లు చేసే కంపెనీలో ఉద్యోగం చేస్తుంది, మా మేడ మీద కాపురం. తెలుగు పిల్ల కదా, భాషకేం ఇబ్బందిలే అనుకున్నాం. మొదటి నెలంతా ఇద్దరం ఒకరి తెలుగు ఒకరికి అర్థంకాక చేతులూపుకున్నాం. నాకు అలవాటే, మిల్లులో చేసిందదే.

ఒక ఆదివారం కాఫీ తాగుతూ ఆ పిల్ల అంది: "పెద్దత్తయ్యా, మీ బ్లాగు మరీ పాత గోడ క్యాలెండరులా ఉందండీ. కొత్తగా డిజైన్ చేద్దామా?"

"క్యాలెండరుకి ఏమి తక్కవ కణ్ణు? పొద్దున లేస్తే అందరూ దాని మొగమే గదా చూసేది," అన్నాను. కణ్ణంటే మా వైపు ముద్దుపిలుపు.

"బాగా చేద్దామండీ. ముందు ప్లాను వేసుకుందాం." కాగితం, పెన్ను తీసింది. "మొదటి ప్రశ్న. ఈ బ్లాగు ఎవరికోసం?"

మా ఆడబిడ్డ పేపరు మీంచి తలెత్తి నావైపు చూసింది. ఆమెకు తెలుసు. నేను గొంతు సవరించుకుని, "లోకానికి," అన్నాను.

"పక్కింటాయప్ప చదివేది లేదు, లోకానికంట!" అని ఆడబిడ్డ మళ్లీ పేపర్లో దూరింది.

ఆ పిల్ల మాత్రం "లోకం" అని రాసుకుంది. చదువుకున్న పిల్ల కదా, చెప్పింది చెప్పినట్టు నమ్మింది. లోకమంటే ముందు తెలుగు అక్షరాలుండాలంది. అప్పుడు ఆంధ్రా అంతా, తెలంగాణా అంతా చదువుతారంది. నాకు ఆశ పుట్టింది, దాచడమెందుకు? మా ముత్తవ్వలు వదిలి వచ్చిన ఊరి పేరు కూడా మాకు మిగల్లేదు. ఆ ఊళ్లో ఎవరో ఒకరు నా మాట చదివి, "అరె, మా నాయనమ్మ ఇట్లానే అనేది" అంటే ఎలా ఉంటుంది? ఆ మాట తలుచుకుంటే కాఫీ చల్లారినా తెలియలేదు.

"మరి తమిళ ఎళుత్తు?" అని ఆడబిడ్డ అడిగింది. ఎళుత్తంటే మా వైపు అక్షరం.

"అదీ ఉంటుందత్తయ్యా. పైన ఒక బటన్ పెడతాను. నొక్కితే తెలుగు, మళ్లీ నొక్కితే తమిళం. కాకపోతే అది రెండో విడతలో."

నేను "ఉంటుంది" వరకే విన్నాను. "రెండో విడత" అన్నది గాలికి వదిలేశాను. జీవితమంతా నూలు చుట్టినదాన్ని. ఒక కండె అయిపోతే కొత్త కండె కొసను పాత కొసకు ముడి వేస్తేనే దారం సాగుతుంది, ముడి పడకుండా మెషీను వదిలితే నూలు చుట్టుకునే కోను ఊరికే తిరుగుతుంది. ఇంత తెలిసినదాన్ని, ఆ రోజు నోరు తెరిచి, "అమ్మాయీ, మధ్యలో ఏం గతి?" అని అడగలేదు.

పని మొదలైంది. తమిళ అక్షరాల్లో ఉన్న నా కబుర్లన్నింటినీ ఆ పిల్ల కంప్యూటరు చేత తెలుగు అక్షరాల్లోకి మార్పించింది. మచ్చుకు ఒక కబురు నలుగురికీ పంపింది. నేను మిల్లు బస్సులో గొడుగు మరిచిపోయిన కబురది. మర్నాడు కోడలి ఊరివాళ్ల నుంచి జవాబులొచ్చాయి. చదివి వినిపిస్తుంటే ఆ పిల్ల ముఖం రంగులు మారింది.

"పెద్దత్తయ్యా... మీకు కొడుకున్నాడాండీ?"

"నాకెక్కడ కణ్ణు? ఒక్క కూతురే, సేలంలో ఉండాది."

"మరి ఇక్కడ... 'నా కొడుకును బస్సులో మరిచిపోయాను. మరునాడు పోయి అడిగితే మూల పడేసి ఉంది. కాడ విరిగిపోయింది. ఎండలో ఆరబెట్టి మడిచి పెట్టినాను' అనుంది. మా పిన్ని అడుగుతోంది, బాబు ఇప్పుడు బాగానే ఉన్నాడా అని."

మా ఆడబిడ్డ నవ్వలేక గోడ పట్టుకుంది. సంగతేమిటంటే, తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. గొడుగు రాసినా కొడుకు రాసినా ఒకటే కనబడుతుంది. మాకు సందర్భాన్ని బట్టి తెలుస్తుంది, కంప్యూటరుకు పాపం సందర్భం ఏం తెలుసు? కొడుకంది.

"వదినె, నువ్వు చెప్పినట్లే గదా నేను రాసింది! ఇంగ పోలీసోళ్లు వస్తే నా పేరు చెప్పొద్దు," అంది ఆడబిడ్డ.

"పోలీసోళ్లు వస్తే నువ్వే రాసినావని ముందర నీ చెయ్యే చూపిస్తా!"

ఆ పిల్ల బుద్ధిమంతురాలు. అప్పటి నుంచి ఒక్కొక్క కబురు నాకు చదివి వినిపించి, నేను సరేనంటేనే పెట్టింది. చాలా దినాలు పట్టింది. ఆ చదవడంలోనే మేమిద్దరం ఒకరికొకరు అర్థమయ్యాం.

అక్షరాలయ్యాక అలంకారం. బ్లాగు నెత్తిన నా ఫోటో ఉండాలంది. నాకున్న ఒకే ఒక మంచి కోక కట్టుకుని కూర్చున్నాను. మేము చీరను కోకనే అంటాం. ఫోటోలో నవ్వడం నాకు రాదు. బిగుసుకుని కూర్చున్నాను. ఆ పిల్ల ఆ ఫోటోను గుడ్డు ఆకారంలో కోసి, చుట్టూ మల్లెపూల దండ వేసి, అటొక దీపం ఇటొక దీపం పెట్టింది. తెలుగుదనం ఉట్టిపడాలంది. కింద ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు. ఎంత లక్షణంగా ఉందో! ఆడబిడ్డ మాత్రం ఫోనును దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది.

"బాగుండాది... అయినా ఏమో ఒకటి ఉరుత్తా ఉండాది." ఉరుత్తడమంటే కంట్లో నలుసులా గుచ్చడం.

"కన్ను కుట్టతా ఉండాదా? నీది కూడా ఒక ఫోటో పెట్టిస్తాలే," అన్నాను.

శుక్రవారం సాయంత్రం ఆ పిల్ల పాత బ్లాగు తీసేసి కొత్తది పెట్టింది. ఆ కంపెనీలో ఇలాంటప్పుడు కేకు కోస్తారట. మేము కేసరి చేసుకుని తిన్నాం.

శనివారం మధ్యాహ్నం నేను వీధి తిన్నె మీద కూర్చుని సాంబారుకు చిన్న ఉల్లిపాయలు ఒలుస్తున్నాను. వీధి మలుపులో ఏడుపు వినబడింది. మామూలు ఏడుపు కాదు, ఒప్పారి. మా వైపు చావింటికి వచ్చే ఆడవాళ్లు వీధి మొదట్లోనే రాగం ఎత్తుకుంటారు. ఎవరింట్లో ఏమైందో అని నేనూ లేచాను. ఉల్లి ఘాటుకు నా కళ్లు కూడా కారుతున్నాయి. ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చారు.

గులాబీ మాల ఒక చేత పట్టుకుని, సంచి భుజాన వేసుకుని, రెండో చేత్తో రొమ్ము బాదుకుంటూ వస్తున్నది నా ఎదురు మెషీనామె. "ఎదురుమిషను మీద నిలిచిన నా తంగమే, నా బంగారమే, ఒక మాట చెప్పకుండా పోతివే..." అని రాగం తీస్తూ నా ఇంటి ముందు దాకా వచ్చి, తలెత్తి, ఉల్లిపాయల పళ్లెంతో నిలబడిన నన్ను చూసింది.

రాగం మధ్యలో తెగింది. ముందు నన్ను చూసింది. తరవాత మాలను చూసింది. తరవాత ఆ మాలతోనే నా భుజం మీద ఒక్కటి వేసింది. గులాబీ రేకులు ఉల్లిపొట్టులో కలిసిపోయాయి.

"ఏమే పిల్లా! చచ్చినదానివి చచ్చినట్ల పండుకొని ఉండకూడదా? సాంబారుకి ఉల్లి ఒలుస్తా ఉండావా?"

"నేనెప్పుడే చచ్చింది?" అన్నాను. ఆమెకు వినబడదు కదా, పెదాలు పెద్దగా కదిపి అన్నాను.

సంచిలోంచి ఫోను తీసి నా ముఖం ముందు పెట్టింది. "ఇది ఏమి మరి?"

కొత్త బ్లాగు. నా ఫోటో. బిగుసుకున్న ముఖం, చుట్టూ మల్లెదండ, అటూ ఇటూ దీపాలు. అప్పుడు నాకు కళ్లు తెరుచుకున్నాయి. మా తమిళనాట ఎవరైనా పోతే వీధి గోడలకు పోస్టరు అంటిస్తారు. పైన "కన్నీర్ అంజలి" అని రాసి, కింద పోయినవాళ్ల ఫోటో, చుట్టూ పూలు, పక్కన దీపాలు. అచ్చం ఇదే. బ్లాగులో అంతా తెలుగు అక్షరాలు. ఆమెకు అవి జిలేబీ చుట్టలు, ఒక్కటీ చదవలేదు. ప్రతి వారం నా కబురుండే చోట చదవరాని రాత, దండ వేసిన నా ముఖం. కొడుకూ కోడలూ పనికి పోయారు, అడిగేందుకు ఇంట్లో ఎవరూ లేరు. ఫోను చేసినా ఆమెకు వినబడదు. గాంధీపురం బస్టాండులో దిగి మాల కొని, బస్సు మారి వచ్చేసింది.

లోపలి నుంచి పరుగెత్తుకొచ్చిన ఆడబిడ్డ ఫోను చూసి నెత్తి కొట్టుకుంది. "అదే! అదే ఉరుత్తా ఉన్నది! రోజూ బస్‌స్టాపు గోడ మీద చూసేదే గదా ఇది!"

మేడ మీది నుంచి కోడలు దిగొచ్చింది. సంగతి తెలిసి పాపం తెల్లబోయింది. "సారీ అండీ, మావైపు ఇలా... నేను శుభంగా ఉంటుందని..." అంటూనే కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఏమి చెప్తా ఉంది ఈ పిల్ల?" అని నా స్నేహితురాలు నన్నడిగింది. ఆంధ్రా పెదాలు ఆమెకు అందలేదు. నేను నా పెదాలతో చెప్పాను. ఆమె ఆ పిల్ల గడ్డం పట్టుకుంది. "ఏడ్వొద్దు కణ్ణు. ఫోటో బాగుండాది. దాచిపెట్టు, ఒక దినానికి కావాలి గదా."

ఇరుగుపొరుగు నవ్వుకుంటూ లోపలికి పోయారు. మేము నలుగురం తిన్నె మీద కూర్చున్నాం. కేసరి మిగిలింది ఉంటే పెట్టాం. సగం తిన్నాక ఆ పిల్ల ముక్కు తుడుచుకుని, పాత ప్లాను కాగితం తెచ్చి, నావైపు తిరిగింది.

"పెద్దత్తయ్యా, మళ్లీ మొదటి నుంచి ప్లాను చేద్దాం. ఈసారి నిజం చెప్పండి. ఈ బ్లాగు ఎవరికోసం?"

నేను కేసరిలోకి తల దించాను. నా స్నేహితురాలు పక్కనే కూర్చుని ఉంది కదా. "నీకోసమే" అని పెదాలు కదిపితే చదివేస్తుంది. చదివిందా, పావమన్నానని సంచి పట్టుకుని లేచిపోతుంది, ఇక కారమడైలో శనివారం కళ్లద్దాలు తుడుచుకునేవాళ్లు ఉండరు. గొంతు అరగదీసుకుని ఇంతకాలం చెప్పిందంతా నీళ్లపాలు. మా ఆడబిడ్డ కూడా తల దించుకుని రేకులు ఏరుతోంది.

ఆమె మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. "ఏమి? అందరూ నోట్లో కొయ్య పెట్టుకుని కూర్చున్నారు? ఏమి అడిగింది ఈ పిల్ల?"

చెప్పక తప్పలేదు. "బ్లాగు ఎవరికోసరమని అడగతా ఉంది," అని పెదాలు కదిపాను.

ఆమె నోట్లో కేసరి మింగింది. చెంగుతో చెయ్యి తుడుచుకుంది. చెవిటివాళ్ల గొంతు కదా, వీధంతా వినబడేలా అంది: "నాకు గదా! ఇంక యావరికి? ఈమె చెప్పే కథలు నేను గాక ఎవరు చదవతారు? నేను ఉన్న కథలే గదా సగం. నాకు తెలీదని అనుకొని ఉంది, పావం!"

పావమట. నన్ను!

ఆ పిల్ల కాగితం మీద "లోకం" కొట్టేసింది. ఏం రాసిందో నేను చదవలేను, అడగలేదు కూడా. ఆ మధ్యాహ్నమే రెండో ప్లాను తయారైంది. యజమాని కారమడైయామె. తెరవగానే తమిళ అక్షరాలు రావాలి, కళ్లద్దాలు లేకున్నా కనబడేంత పెద్దవి. తెలుగు కావాలన్నవాళ్లు పైన బటన్ నొక్కుకోనీ. పూలొద్దు, దీపాలొద్దు. ఫోటో పెట్టాల్సిందేనంటే ఒక నూలు కోను బొమ్మ పెట్టమంది. రంగు గురించి ఆ పిల్లకూ ఆమెకూ పెద్ద వాదన జరిగింది. ఒకరికి చెవి లేదు, ఇంకొకరికి భాష లేదు, మధ్యలో నేను పెదాలాడిస్తూ కూర్చున్నాను. చివరకు పసుపు గెలిచింది. సాయంత్రం బస్సెక్కిస్తుంటే ఆమె కిటికీలోంచి నాతో పెదాలతో మాత్రం ఏదో అంది. గొంతు లేకుండా, మిల్లులో లాగా. అదేమిటో చెప్పను, సూపర్‌వైజర్లు వింటారు.

తెలుగు బటన్ నొక్కేవాళ్లు కూడా ఉన్నారు, ఒప్పుకోవాలి. ఎక్కడో కృష్ణ ఒడ్డునుంచి ఒకాయన, మీరు రాసిన ఫలానా మాట మా అవ్వ వాడేదని రాశాడు. ఆ రోజు నేను వీధంతా చెప్పుకున్నాను. నా గొంతుకు వీధంతా అన్నది పెద్ద పని కాదు.

పిల్లలూ, మీరు ఎవరికో ఏదో కట్టి ఇస్తారు. ఎవరికోసమని అడిగినప్పుడు "లోకానికి" అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇంకోసారి అడగండి. పక్కన కేసరి పెట్టి అడగండి.

మరుసటి శుక్రవారం ఈ చావు కథే చెప్పాను. ఆడబిడ్డ తమిళ అక్షరాల్లో పెట్టింది, కోడలు తెలుగులో పెట్టింది. కారమడైయామె ఏడుస్తూ వచ్చిందనీ, నన్ను చూసి ఇంకా ఏడ్చిందనీ కాస్త ఉప్పూకారం వేశాను. శనివారం కాఫీ దగ్గర ఆడబిడ్డ ఫోను చూసి, "వదినె!" అని కేక పెట్టింది.

బ్లాగు కింద ఒక జవాబు. కారమడై నుంచి. ఇన్నేళ్లలో మొదటిది. ఆడబిడ్డ చదివింది:

"అబద్దం. నిన్ను చూసినాక నేను ఏడ్వలేదు. ఏడ్చినది నువ్వు. ఉల్లి అని సాకు చెప్పతావు. అది మార్చు. మార్చేదాకా ప్రతి వారం రాస్తా."

"మార్చేదా వదినె?" అని ఆడబిడ్డ టైపు చేయడానికి వేళ్లు సర్దుకుంది.

"వేండాం," అన్నాను. "ఒక్క ఎళుత్తు కూడా ముట్టొద్దు."